చేయి మారిన చోటు

మా బోటనీ ల్యాబ్‌లో మైక్రోస్కోపులు పెట్టే అలమరా పై అరలో ఒక కుడికాలి చెప్పు ఉంది. ఆడవాళ్ళ రబ్బరు చెప్పు, నీలం పట్టీ. దానికి అంటించిన చీటీ మీద "కరెంట్ మీటర్. ముట్టుకోరాదు" అని ఉంటుంది. కరెంట్ మీటరంటే పారే నీళ్ళ వేగం కొలిచే పరికరం. ఏటా కొత్తగా చేరిన పిల్లలు అది చూసి కిసకిసా నవ్వుకుంటారు. చివరికి ఎవరో ఒకరు ధైర్యం చేసి "మేడమ్, ఆ చెప్పేంటండీ?" అని అడుగుతారు. ఇదివరకు కూర్చోబెట్టి కథంతా చెప్పేదాన్ని. ఈ ఏడాది అడిగిన పిల్లని మాత్రం "ముందు నీ స్లైడు చూడు" అని కసురుకున్నాను. పాపం, బిక్కమొహం వేసుకుని వెళ్ళి కూర్చుంది.

ఆ చెప్పు నాది కాదు. నాతోపాటు అదే డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్పి, నాతోపాటు కాలవ గట్లన్నీ తిరిగి, నిరుడు చనిపోయిన నా స్నేహితురాలిది. ల్యాబ్ తలుపు తీసిన ప్రతిసారీ నా కళ్ళు ముందు ఆ అర మీదికే పోతాయి. ఒంటి చెప్పు అలా కనిపిస్తుంటే, దాని మనిషి ఇక్కడే ఎక్కడో ఉండి, ఇప్పుడే వచ్చి కాలు దూర్చేస్తుందని అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే. నాకూ తెలుసు.

విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాది. నేను ఉండేది భవానీపురంలో. ఆమె రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేది. చెరుకు రైతుల ఇంటి మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. స్టాఫ్ రూములో ఆమె నవ్వితే పక్క బిల్డింగులో ఫిజిక్సు వాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. నాకన్నా సీనియరు కాబట్టి నన్ను "ఒసేయ్" అనే హక్కు తనకుందనుకునేది. తిరిగి అనే హక్కు నాకు ఇవ్వలేదు. పిల్లల ముందు మాత్రం ఇద్దరం "మేడమ్ గారూ, మేడమ్ గారూ" అనుకుంటూ తెగ మర్యాదలు ఒలకబోసేవాళ్ళం.

మా పరిశోధన గుర్రపు డెక్క మీద. కాలవ కనపడకుండా పచ్చగా పరుచుకుని, ఊదారంగు పూలు పూసి, చేలకు పోవాల్సిన నీళ్ళను కదలనివ్వకుండా చేసే కలుపు మొక్క అది. దాని పేరెత్తితే రైతుకి ఒళ్ళు మంట, మాకు ప్రమోషను. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, కింద పుల్లేరు దాకా సెలవు దొరికినప్పుడల్లా తిరిగేవాళ్ళం. నీళ్ళ మీద ఒక చదరపు చట్రం వేసి, అందులో పడిన మొక్కల్ని లెక్కపెట్టి, కొన్ని సంచిలో వేసుకుని రావడం మా పని. ఎండకి మాడి, మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొస్తే, మా ఆయన గుమ్మంలోనే "పూడిక తీయడం అయిందా?" అనేవాడు.

పేపర్లు ఇంగ్లీషులో రాయాలి. కానీ ఆమె కూర్చుని రాసే రకం కాదు. ల్యాబ్‌లో అటూ ఇటూ తిరుగుతూ తెలుగులో చెప్పేది, నేను ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. మాది నేత ఇల్లు, మా నాన్న ఓపికున్నంత కాలం మగ్గం మీదే కూర్చున్నాడు. అది పట్టుకుని "నేతవాళ్ళ పిల్లవి గదా, నా మాటలు పోగు తెగకుండా నెయ్యవే" అనేది. నేను ఇంగ్లీషులో "గమనించడమైనది" లాంటిదేదైనా కొట్టానో, నా పని అయిపోయినట్టే. "గమనించడమైనదేంటే? ఎవరు గమనించారు? కాలవ గట్టున కూర్చుని గుడ్లప్పగించి చూసింది నువ్వు కాదూ? ఆ మాటే రాయి." ఈ ముక్క ఎన్నిసార్లు అందో చెప్పలేను. ఇప్పటికీ అటువంటి మాట టైపు చేస్తే నా వేళ్ళు ఆగిపోతాయి, వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు తల తిప్పుతాను.

ఆ చెప్పు సంగతి ఇది. బందరు కాలవ గట్టు మీద ఒకరోజు నీళ్ళ వేగం కొలవాలి. ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళని బతిమాలి తెచ్చుకున్న కరెంట్ మీటరు సరిగ్గా అప్పుడే మొరాయించింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆమె మొక్క కోసం వంగింది, కాలు జారింది, ఎడమకాలి చెప్పు నీళ్ళలో పడి హాయిగా కొట్టుకుపోతోంది. ఇంకొకరైతే "అయ్యో నా చెప్పు" అంటారు. ఈ మహాతల్లి "వాచీ చూడవే, వాచీ!" అని అరుస్తూ, ఒంటి చెప్పుతో గట్టు వెంట పరిగెత్తింది. చెప్పు వంతెన కింద దూరేదాకా నేను వాచీ చూశాను. గట్టున బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్ళు చేతిలో పని ఆపి మమ్మల్నే చూశారు.

పేపరు రాసేటప్పుడు, ఎలా కొలిచామో చెప్పే భాగంలో నేను మర్యాదగా "నీటి వేగాన్ని తేలే వస్తువుతో కొలిచాం" అని కొట్టాను. పరిశోధన వ్యాసంలో ఈ భాగాన్ని మెథడ్స్ అంటారు. ఇంతకంటే నీరసమైన భాగం ఇంకోటి ఉండదు.

"ఏ వస్తువే?" అంది.

"ఏదో ఒకటిలే."

"ఏదో ఒకటంటే సైన్సెట్లా అవుద్ది? చెప్పు. ఎవరిది? నాది. ఏ కాలిది? రాయి."

అలా పుట్టింది ఆ వాక్యం: "నీటి వేగం కొలవడానికి తేలే వస్తువుగా మొదటి పరిశోధకురాలి ఎడమకాలి చెప్పు ఉపయోగపడింది. ఈ ఏర్పాటు ముందుగా అనుకున్నది కాదు."

నాకు భయం వేసింది. పరువు పోతుందన్నాను, ప్రమోషను పోతుందన్నాను. "నువ్వు నవ్వావా, లేదా?" అంది. నవ్వాను, ఏం చేయను. "అయితే ఉంటది" అంది. మా ఇద్దరి మధ్య రూలు అదే. చెప్పడం తన పని, నవ్వడం నా పని. నేను నవ్వకపోతే ఆ వాక్యం కొట్టేసేది. ఇంకొక రూలు కూడా ఉండేది, దాని విలువ నాకు అప్పుడు తెలియలేదు. రాసేది జరిగినదై ఉండాలి. నవ్వించడానికని ఒక్క ముక్క కల్పించేది కాదు.

పేపరు పంపితే పత్రిక ఎడిటరు దాన్ని ఆ రంగంలో తెలిసిన ఒకరిద్దరికి పంపుతాడు. వాళ్ళని రివ్యూయర్లంటారు. రాసిందెవరో వాళ్ళకి చెప్పరు, చదివిందెవరో మాకు చెప్పరు. మా చెప్పు వాళ్ళ కళ్ళబడుతుంది, ఇదేం అఘాయిత్యం అని చీవాట్లు పెడతారు అని ఎదురుచూశాను. కామాలు సరిచేయమన్నారు. చెప్పు గురించి ఒక్క మాట లేదు. ఎడమకాలి చెప్పు యథాతథంగా అచ్చయింది. ఆరోజే మిగిలిన కుడి చెప్పుకి చీటీ అంటించి అలమరా ఎక్కించింది.

ఆ తర్వాత అది మాకు అలవాటైపోయింది. ప్రతి పేపర్లోనూ మెథడ్స్ భాగంలో ఒక వాక్యం. ఏలూరు కాలవ మీద పేపర్లో: "నమూనాలు తీస్తుండగా ఒక గేదె మా చట్రంలోని మొక్కలన్నీ తినేసింది. గేదె తన ఫలితాలను మాతో పంచుకోలేదు." రైవస్ కాలవ పేపర్లో: "ఈ మొక్కను ఏమంటారని స్థానికులను అడిగాం. వాళ్ళు చెప్పిన పేర్లలో అచ్చు వేయడానికి వీలున్నది గుర్రపు డెక్క ఒక్కటే." ఇదీ అక్షరాలా నిజం. ఆ రైతు దాన్ని తిట్టిన తిట్లకి నేను చెవులు మూసుకుంటే, ఆమె "ఇంకోసారి చెప్పండి బాబాయ్ గారూ" అని పక్కనే నిలబడింది.

పేపరు అచ్చయిన రోజు బందరు కాలవ గట్టు మీద పునుగుల బండి దగ్గరికి పోయేవాళ్ళం. అల్లప్పచ్చడితో చెరొక ప్లేటు. "ఎవరైనా అడిగారా?" అనేది. "లేదు" అనేదాన్ని. విరగబడి నవ్వేది. "చూశావా, గేదె మేసినా ఎవడికీ పట్టలేదు!" ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఒకసారి అలాగే నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. పునుగు చేతిలోనే ఉంది.

"ఒసేయ్, నిజంగానే ఎవరూ చదవట్లేదేమోనే."

"చదవకపోతే పోయారు. ప్రమోషనుకి పాయింట్లు వచ్చాయి గదా" అన్నాను.

"పాయింట్ల కోసం తిరిగానా నేను ఆ ఎండలో?" అంది. కోపంగా అనలేదు, అదే నన్ను ఇప్పటికీ పీడిస్తోంది. నీళ్ళ వైపు చూస్తూ మెల్లగా అంది. "ఒక్కడు... ఒక్కడు చదివి, ఈవిడెవరో చెప్పు పారేసుకుందే అనుకుంటే చాలే నాకు."

ఆ నవ్వుల వెనక ఉన్నది అదన్నమాట. నేను నవ్వులాట అనుకున్నాను. ఆమె గాలం వేసి కూర్చుంది.

పుల్లేరు మీద చేసినదే మా ఆఖరి పని. ఉయ్యూరు ఆమె సొంత గడ్డ కాబట్టి ఆ కాలవని చివరికి దాచుకుంది. సగంలో ఉండగా కడుపునొప్పి అంది, గ్యాసు అంది, బస్సు ప్రయాణం పడట్లేదు అంది. ఆ రోగం పేరేమిటో తేల్చడానికి డాక్టర్లు తీసుకున్నంత సమయం కూడా, ఆమెని తీసుకుపోవడానికి ఆ రోగం తీసుకోలేదు. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నేను ఏడుస్తానేమోనని పని మాటలు మొదలుపెట్టేది.

"పేపర్లో మనది ఏం పెడదాం?" అని అడిగాను ఒకరోజు.

"ముందు ఏదో ఒకటి జరగనీ. జరక్కుండా ఎట్టా రాస్తామే?" అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది.

ఆఖరి చోట మొక్కలు తేవడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులు, గాలి నిండా చెరుకు మడ్డి వాసన. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు బారులు తీరాయి. చట్రం ఒక పక్క పట్టుకుంటే రెండో పక్క నీళ్ళలో మునిగిపోతోంది. ఎప్పుడూ రెండో పక్క ఆమె పట్టుకునేది. రాళ్ళు కట్టి, కర్ర గుచ్చి, తల ప్రాణం తోకకొచ్చింది. "పట్టుకోవే" అని రెండు మూడు సార్లు పైకే అన్నాను. గట్టు మీద సైకిలు ఆపుకున్న ఒకాయన "ఎవరితోనండీ మాట్లాడతన్నారు?" అన్నాడు. ఎవరితోనూ కాదండీ అన్నాను. ఆ నెల దాటకుండానే ఆమె పోయింది.

తర్వాత చాలాకాలం ఆ ఫైలు తెరవలేదు. కంప్యూటరు తెరిచి, ఫైలు పేరు చూసి, మూసేసేదాన్ని. చివరికి ఒకరోజు క్లాసులు లేని మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుని తెరిచాను. మెథడ్స్ భాగం చివర, పక్కన అంచులో, ఆమె పేరుతో ఒక కామెంటు బుడగ కనిపించింది. ఇద్దరం తెరవగలిగే ఫైలు అది, ఎప్పుడో తన ఇంటి దగ్గర డ్రాఫ్టు చదివి పెట్టినట్టుంది. "ఇక్కడ మనది పెట్టాలి. తర్వాత చెప్తా."

మౌసు దాని మీదికి తీసుకెళ్తే కింద "రిప్లై" అని వచ్చింది. నేను ఎవరికి రిప్లై ఇవ్వాలి? తీసేద్దామంటే చేయి రాలేదు. ఆ బుడగ పక్కన ఇంకా ఆమె పేరు, పేరు పక్కన దాని మొదటి అక్షరంతో ఒక చిన్న ఆకుపచ్చ గుండ్రం. లోపల ఎక్కడో కూర్చుని నా జవాబు కోసం చూస్తున్నట్టే ఉంది. అలమరా వైపు చూడకుండా లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం పునుగుల బండి దగ్గర ఆగాను. నోరు దానంతటదే "రెండు ప్లేట్లమ్మా" అంది. బండి ఆవిడ అటూ ఇటూ చూసి, "రెండో మేడమ్ గారు రాలేదేంటండీ?" అంది. "ఊరెళ్ళారు" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. "అయితే పార్సిలు కడతానుండండి" అని రెండో ప్లేటు కాగితంలో కట్టి చేతిలో పెట్టింది. ఆ పొట్లం ఇంటిదాకా వేడిగానే ఉంది.

అప్పుడు మొండిపట్టు వచ్చింది నాకు. ఈ పేపరు ఆమెది. ఆమె నవ్వు లేకుండా దీన్ని బయటికి పంపను. ఆ ఖాళీ నేనే పూరిస్తాను, ఆమె రాసినట్టే రాస్తాను, ఇన్నేళ్ళు ఆమె మాటలు నేసినదాన్ని నాకు చేతకాదా అనుకున్నాను. ఓరి నాయనో, ఎన్ని రాశానో, ఎన్ని కొట్టేశానో! కప్ప మీద ఒకటి రాశాను, ట్రాక్టరు మీద ఒకటి రాశాను. పైకి చదువుకునేదాన్ని. నవ్వాల్సిన మనిషిని నేనే, నాకు నవ్వు రావట్లేదు. చివరికి ఒకటి తయారైంది: "ఈ కాలవలో గుర్రపు డెక్క ఎంత దట్టంగా ఉందంటే, దాని మీదుగా నడిచి అవతలి గట్టుకు పోవచ్చనిపించింది, అయితే పరిశోధకుల బరువు దృష్ట్యా ఆ ఆలోచన విరమించుకున్నాం." బాగానే ఉందిలే అనుకున్నాను. కొంచెం బలవంతంగా నవ్వాను కూడా. పత్రికకి పంపేశాను. పేర్లుండే మొదటి పేజీలో ఆమె పేరు పక్కన, చనిపోయిన రచయితలకు పెట్టే శిలువ గుర్తు పెట్టాను. రివ్యూయర్లకు ఆ పేజీ వెళ్ళదు.

కొన్ని నెలలకి రిపోర్టులు వచ్చాయి. మొదటి రివ్యూయరు మామూలే, కామాలు. రెండో రివ్యూయరు రాసింది ఇంగ్లీషులో. నాకు గుర్తున్నంతలో తెలుగులో చెబుతాను.

"పని బాగుంది, లెక్కలు సరిగా ఉన్నాయి. మెథడ్స్ చివర గుర్రపు డెక్క మీద నడవడం గురించిన వాక్యం తీసెయ్యండి. నవ్వు మీద నాకు అభ్యంతరం లేదు. ఈ కాలవల మీద ఇదివరకు వచ్చిన వ్యాసాలన్నీ నేను చదివాను. చెప్పు, గేదె, అచ్చు వేయడానికి వీలున్న పేరు. కొత్త వ్యాసం రాగానే ముందు తెరిచేది మెథడ్స్ భాగమే. పరిశోధన ఎలా రాయాలో చెప్పడానికి నా విద్యార్థులకు ఏటా అవి చదివి వినిపిస్తాను. ఆ వాక్యాల్లో ఉన్నవన్నీ జరిగిన సంగతులు. ఇది జరగలేదు, కల్పించింది. ఇది ఆ రచయిత రాసింది కాదు."

చదివాను. మళ్ళీ చదివాను.

ముందు వచ్చింది సిగ్గు. మా నాన్న గుర్తొచ్చాడు. ఒక చీర సగంలో ఉండగా నేసే మనిషి మారితే, పేక, అంటే అడ్డపోగు, కొట్టే బలం మారుతుంది. కంటికి ఏమీ తెలియదు. మా నాన్న అరచేత్తో బట్ట మీద నిమిరి, ఒకచోట ఆగి, "ఇక్కడ చేయి మారింది" అనేవాడు. ఎక్కడో ఉన్న మొహం తెలియని మనిషి నా వాక్యం మీద చేయి పెట్టి ఆగాడనిపించింది.

సిగ్గు వెనకే కోపం వచ్చింది. అట్లాంటి ఇట్లాంటి కోపం కాదు. ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను, కంప్యూటరుతోనే పోట్లాడాను. చదివావా? అన్నీ చదివావా? ఏటా పిల్లలకి వినిపిస్తున్నావా? ఎక్కడో ఒక క్లాసు క్లాసంతా మా దాని చెప్పు తలుచుకుని నవ్వుతుంటే, ఇక్కడ అది కాలవ గట్టున కూర్చుని ఎవరూ చదవలేదని దిగులుపడిందే! ఇన్నేళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా? ప్రతి పేపరు అడుగునా మా మెయిల్ అడ్రసు ఉంది గదా, ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? ఇప్పుడా చెప్పేది? ఇప్పుడు ఎవరికి చెప్పను నేను?

చాలాసేపు ఏడ్చాను. కోపం దిగాక ఇంకోటి తోచింది. నాకు నచ్చిన పేపర్లు ఎన్ని చదవలేదు నేను! రాసినవాళ్ళలో ఎవరికైనా బాగుందని ఒక్క మెయిలు పెట్టానా? పెట్టలేదు. వాళ్ళకి తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. ఆ మనిషీ అదే అనుకుని ఉంటాడు, లేక ఉంటుంది.

మర్నాడు ఫైలు తెరిచి నా వాక్యం కొట్టేశాను. బుడగ అలాగే ఉంది. "ఇక్కడ మనది పెట్టాలి. తర్వాత చెప్తా." దాని ఎదురుగా కూర్చున్నాను. ఏం జరిగింది, ఏం జరిగింది అని అడుగుతున్నట్టే ఉంది ఆ బుడగ. పుల్లేరు దగ్గర ఏం జరిగిందే? గేదె రాలేదు. చెప్పు పోలేదు. ట్రాక్టర్లు పోతున్నాయి. చట్రం ఒక పక్క మునిగిపోతోంది.

ఆస్పత్రిలో అన్న మాట అప్పుడు వినపడింది నాకు, చెవి పక్కన అన్నట్టే వినపడింది. ముందు ఏదో ఒకటి జరగనీ.

జరిగింది గదా. టైపు చేశాను: "అన్ని చోట్లా నమూనాలను ఇద్దరు సేకరించారు. చివరి చోట ఒక్కరే సేకరించారు."

ఎక్కడా కల్పించలేదు. ఏ కాలి చెప్పో అడిగిన మనిషి ఇక్కడ కూడా అడిగేది, ఎంతమందే, రాయి అని. బుడగ మీద మౌసు పెట్టి ఈసారి తీసేశాను. ఆమె పేరు తెర మీద నుంచి పోయింది. రివ్యూయర్లకి జవాబులు రాసే పట్టికలో "మీరు చెప్పింది నిజం. ఆ వాక్యం తీసేశాం" అని మాత్రం రాశాను. ఆమె చనిపోయిందని రాయలేదు. రాసిందెవరో చెప్పకూడదు, అది రూలు.

పంపేసి కాలవ గట్టుకు పోయాను. "ఒక ప్లేటేనమ్మా" అన్నాను. బండి ఆవిడ నా మొహం చూసింది. "ఆమధ్య అబద్ధం చెప్పానమ్మా. ఆవిడ పోయారు" అన్నాను. జల్లెడ గరిటె బాండీ అంచున ఆనించి నిలబడిపోయింది. "అయ్యో అయ్యో... నూనె చిటపటలాడుతున్నా ఆవిడ నవ్వే వినపడేదండీ" అంది. ఇద్దరం కాసేపు కాలవకేసి చూశాం. పునుగులు మాడిన వాసన వచ్చేదాకా గుర్తు రాలేదు ఇద్దరికీ.

రెండో రివ్యూయరు మళ్ళీ రాసింది నిన్న ఉదయం వచ్చింది. ల్యాబ్‌లోకి పిల్లలు రావడానికి ఇంకా టైముంది. తలుపు దగ్గర నిలబడే ఫోనులో చదివాను. "ప్రచురించవచ్చు. 'చివరి చోట ఒక్కరే సేకరించారు' అన్న వాక్యం కదిలించకండి. ఇది ఆ రచయితదే. ఈ ఏడు నా విద్యార్థులకు ఇది కూడా చదివి వినిపిస్తాను. ఈసారి నవ్వరని తెలుసు."

లోపలికి వెళ్ళి అలమరా అద్దం తలుపు తీశాను. చెప్పు మీద దుమ్ము పట్టింది. చెంగుతో తుడిచాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాట, అనే హక్కు నాకివ్వని మాట, గట్టిగానే అన్నాను.

"ఒసేయ్, చదివారే!"